మెత్తని నగరం

తలుపు మూసుకున్న సంగతి ఆయనకు చెవులు చెప్పలేదు, చెంపలు చెప్పాయి. గాలి ఒక్కసారి మెత్తగా ముఖాన్ని ఒత్తి ఆగిపోయింది, అంతే. బీరువా తలుపంత మందం, అంచుల వెంట రబ్బరు, అవతలి ప్రపంచాన్ని అవతలే ఉంచే తలుపు. చెవి పరీక్ష చేసే గది. గది అనడం మర్యాదకే, ఒక మనిషి, ఒక కుర్చీ, మోకాళ్లకు కాస్త చోటు, ఎదురుగా పుస్తకమంత అద్దం. ఆ అద్దం అవతల ఇందాకటిదాకా తెల్లకోటు అమ్మాయి ఉంది. గదిలోకి వచ్చి, చిన్న దీపం పెట్టి కుడి చెవిలోకి చూసింది, ఎడమ చెవిలోకి చూసింది, మళ్లీ కుడి చెవిలోకి చూసింది, పెట్టిన చోట వస్తువు కనపడని మనిషిలా. కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఏదో అంది. ఏమందో ఆయనకు తెలియలేదు, అయినా తెలిసినట్టే తలూపాడు, ఈమధ్య ఆ విద్యలో ఆరితేరాడు గనక. కూర్చోమని చేత్తో సైగ చేసి, తలుపు మూసి, అద్దం అవతల ఫోనులో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయింది. ఆమె లేచిన తిరుగుడు కుర్చీ మెల్లగా తిరిగి, ఆయనకు వీపు చూపిస్తూ ఆగింది.

రెండోసారి ఎందుకు చూసినట్టు? ఒకసారి చూస్తే అది పని, రెండోసారి చూస్తే అనుమానం. పోయిన భార్యకు, ఆవిడకు, ఒంట్లో బాగాలేనప్పుడూ అంతే, స్కానింగు బొమ్మ తీసే అతను తెర వంక చూసి, మళ్లీ చూసి, ఇప్పుడే వస్తానని లేచి వెళ్లాడు, అతని స్టూలు కూడా ఇలాగే ఖాళీగా, వద్దు, అటు పోవద్దు. మనసుకు పగ్గం వేసి ఇటు లాక్కున్నాడు. బయట నడవాలో కూతురు కూర్చుని ఉంటుంది. ఒళ్లో సంచీ, సంచీలో ఆమె రాస్తున్న నవల, ఆ నవలకు చివరి అధ్యాయం ఒక్కటే లేదు. కాళ్లు ఊపుతూ ఉంటుంది, చిన్నప్పటి అలవాటు, పక్కవాళ్ల కుర్చీ కూడా కదిలేలా ఊపుతుంది. ఆ చప్పుడు ఎలా ఉండేది? కుర్చీ కిర్రుమనేదా, చెప్పు నేలకు రాసుకునేదా? చప్పుళ్లు చేసి బతికిన మనిషికి ఒక చప్పుడు గుర్తు తెచ్చుకోవడానికి ఇంతసేపు పట్టడమా. గోడల నిండా బూడిదరంగు స్పాంజి, కోడిగుడ్ల అట్టలా మిట్టపల్లాలతో. వేలితో నొక్కితే లోపలికి పోయింది, తీస్తే మెల్లగా పైకొచ్చింది, ఏమీ జరగనట్టు. ఈ స్పాంజి ఆయనకు పాత చుట్టం. రేడియోలో నాటకాలకు చప్పుళ్లు కూర్చే ఉద్యోగం, చదివింది ఫిజిక్సు, తిన్నది చప్పుళ్ల తిండి. కాగితం నలిపితే మంట, ఇసుక సంచీ పిసికితే మంచు మీద నడక, తడిగుడ్డ విదిలిస్తే గద్ద రెక్కలు. పని అయ్యాక నటులంతా ఎక్కడివాళ్లు అక్కడే కదలకుండా నిలబడాలి, ఆ గది ఖాళీ చప్పుడును కాసేపు టేపు మీద పట్టి ఉంచుకోవాలి, మాటకూ మాటకూ మధ్య అతుకు వేయడానికి అదే దారం. అది లేకపోతే వినేవాడికి ప్రతి విరామంలోనూ గుంతలో కాలు పడ్డట్టు ఉంటుంది. ప్రతి గదికీ దానిదే ఒక మౌనం, పెళ్లయిన ఇంటిది ఒకటి, పిల్లలు నిద్రపోయిన ఇంటిది ఇంకొకటి. ఒకసారి ఇంట్లోనే ఆ పని పెట్టుకుని ఆవిణ్ని కదలకుండా నిలబెడితే, పాపం ఊపిరి బిగబట్టి నిలబడి, అయిపోయాక అంది, పెళ్లాం నోరు మూసుకున్న క్షణాన్ని కూడా దాచుకునే మొగుణ్ని మిమ్మల్నే చూశానని.

ఈ గదికి మాత్రం మౌనం కూడా లేదు. గది చేతులెత్తేసింది, అంతే. అచ్చం పిల్ల నవల్లోని ఊరిలా.

ఆ ఊరు మొదట ఇలా ఉండేది కాదు. కిందటేడు మొదటి అధ్యాయం చదివి వినిపించినప్పుడు అందులో చుట్టూ ముళ్లకంచె, ఎత్తైన బురుజులు, బురుజుల మీద తిరిగే దీపాలు, కుక్కలు, ఇనుప టోపీలవాళ్లు, అరగంటకోసారి సైరను. రాబోయే కాలంలో భూమి లోపల కట్టుకున్న నగరమట, మనుషులు నవ్వాలన్నా అనుమతి కావాలట. కూతురు గొంతు తగ్గించి, పెంచి, బాగానే చదివింది. విని, భయంకరంగా ఉందమ్మా, కానీ లేచి మన తలుపు గడియ పడిందో లేదో చూసుకోవాలనిపించలేదు అన్నాడు. పిల్ల ముఖం చిన్నబోయింది. అప్పుడు అడిగాడు, ఆ ఊళ్లో వంటింటి నేల ఎలా ఉంటుంది? పిల్లలు గ్లాసు కింద పడేస్తే ఏమవుతుంది? అదేం ప్రశ్న నాన్నా అంది. మేం రేడియోలో జైలు చూపించలేం కదా తల్లీ, దూరంగా ఒక తాళంచెవి చప్పుడు పెడతాం, గోడలు వినేవాడే కట్టుకుంటాడు, వాడు కట్టుకున్నంత ఎత్తు గోడ మనం కట్టలేం అని చెప్పాడు. అడుగుల చప్పుడు తిరిగొచ్చిందంటే అది పెద్ద హాలు, తిరిగి రాలేదంటే సమాధి. చోటే మాట్లాడాలి, మనుషులు కాదు. ఇనుప టోపీవాణ్ని చూస్తే పాఠకుడికి కథ గుర్తొస్తుంది, రబ్బరు చెంచా చూస్తే వాడి నోరు గుర్తొస్తుంది. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు, నోటికొచ్చింది. భయం పోలీసులో ఉండదమ్మా, చెంచాలో ఉంటుంది. పిల్ల లేచి కాగితాలన్నీ తిరగేసింది. ఆ మర్నాటి నుంచి కంచె పోయింది, కుక్కలు పోయాయి. మెత్తని నేల వచ్చింది, మూలలు గుండ్రంగా అరగదీసిన బల్లలు వచ్చాయి, నేలకు బిగించిన కుర్చీలు, ఎవరికీ దెబ్బ తగలని గోడలు, ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటిలా ఉండే వెలుతురు, రబ్బరు చెంచాలు. ఆ ఊరి పెద్దలు దుర్మార్గులు కారు, జనం మీద ప్రేమ ఎక్కువైనవాళ్లు. అదీ ఊరంటే. ఆ సాయంత్రం ఆయన లేచి వెళ్లి నిజంగానే తలుపు గడియ చూసొచ్చాడు, తండ్రీకూతుళ్లిద్దరూ నవ్వుకున్నారు.

అదిగో, అక్కణ్ణుంచే రోజుకో సాయంత్రం. ఆమె ఆఫీసు నుంచి వచ్చి, ముఖం కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర కూర్చుని రెండు పేజీలో మూడు పేజీలో చదవడం, ఆయన వినడం. ఆవిడ పోయాక ఆ ఇంట్లో మాటలు పొదుపుగా వాడుకునే సామానులా అయ్యాయి, ఉప్పుందా, తలుపేశారా, మందేసుకున్నారా. ఆ చదువు మొదలయ్యాకే మళ్లీ గొంతు అనేది ఇంట్లో తిరగడం మొదలైంది. పిల్ల గొంతులో వాళ్లమ్మ గొంతు లేదు, ఉందని చుట్టాలంటారు గానీ లేదు, కానీ వాక్యం చివర ఒక చిన్న తొందర ఉంది, బస్సు దిగేవాళ్ల తొందర, అది మాత్రం వాళ్లమ్మదే. దాని కోసమే ఆయన రోజంతా ఎదురుచూసేవాడు. ఇంతలో, ఎప్పుడో, ఏ రోజని చెప్పలేం, చప్పుళ్లు ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టాయి. ముందు ఫ్రిజ్ ఆగింది. బాగుపడింది కాబోలు అనుకున్నాడు. కుళాయి కారడం మానేసింది, దానికీ సంతోషించాడు, మెట్ల మీద నీళ్లు పారేదాకా. పక్కింటాయన తలుపు ధడేల్మనడం ఆగిపోతే, మెట్ల మీద కనపడినప్పుడు, మీ తలుపు బాగుచేయించారు, చాలా సంతోషమండీ అని చెయ్యి కూడా కలిపాడు. ఆయన విచిత్రంగా చూసి ఏదో అని వెళ్లాడు, ఏమన్నాడో. లోకం మంచిదైపోతోందని కొన్నాళ్లు నిజంగానే నమ్మాడు. ముసలితనంలో ఇంత నెమ్మది దొరకడం అదృష్టం అనుకున్నాడు. ఆ నెమ్మది పిల్ల గొంతు దాకా వచ్చాకగానీ అదేమిటో అర్థం కాలేదు.

వంతెన అధ్యాయం అది. ఆమె పెదవులు కదులుతున్నాయి, గొంతు వస్తోంది, కానీ మాటలు నీళ్లలో తడిసిన కాగితం మీది అక్షరాల్లా ఒకదాన్నొకటి పూసుకుని వస్తున్నాయి. వినిపించడం లేదమ్మా అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? కాగితాలు చేతికిచ్చి, అయ్యో, మీరే చదువుకోండి నాన్నా అంటుంది, ప్రేమగానే అంటుంది. కళ్లద్దాలు ఉన్నాయి, చదువుకోగలడు, కథ ఎక్కడికీ పోదు. పోయేది ఆ గొంతు. ఆ సాయంత్రం. ఆ చిన్న తొందర. అందుకని నోరు మూసుకుని, ముఖానికి వినే ముఖం తగిలించుకున్నాడు. రేడియోలో అది అందరికీ ఉండేది, నటుడు ఎంత పాడుచేస్తున్నా అద్దం ఇవతల కూర్చున్నవాడి ముఖం చెరువులా నిలకడగా ఉండాలి, లేకపోతే వాడు ఇంకా పాడుచేస్తాడు. నిలకడగానే ఉంచాడు. ఆపి ఏదైనా అడిగితే బావుంది అన్నాడు. ఆమె పెన్సిలుతో ఏదో గీసేది, మళ్లీ చదివేది. ఏం గీసేదో చూడ్డానికి ధైర్యం చాలేది కాదు. మొన్న వెనకాల స్టీలు పళ్లెం పడింది. పడిందని ఆయనకు తెలియదు, తిరిగి చూసేసరికి నేల మీద పళ్లెం, దాని పక్కన కదలకుండా కూతురు. చేయి జారి పడిందో, జారవిడిచిందో. పళ్లెం తీసి కడిగి పెట్టింది. ఇవాళ పొద్దున చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెట్టింది, చిన్నపిల్లాడికి పెట్టినట్టు.

తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే. రబ్బరు చెంచా ఇచ్చాడు, మెత్తని నేల ఇచ్చాడు, అడుగు తిరిగి పలకని గోడలు ఇచ్చాడు, ఇచ్చి ఇచ్చి చివరికి ఆ ఊళ్లోనే ఇల్లు తీసుకున్నాడు. ఇదిగో ఇల్లు. స్పాంజి గోడలు, మధ్యాహ్నం మూడింటి వెలుతురు, నేలకు బిగించిన కుర్చీ. కాలితో తోసి చూశాడు, నిజంగానే బిగించి ఉంది. నవ్వొచ్చింది, నవ్వాడు, నవ్వు పక్కటెముకల్లోనే తిరిగి అణిగిపోయింది. పోనీలే, కళ్లున్నాయి. ఆమె పెదవులు చూడొచ్చు. నిన్న కూరలో ఉప్పు తెలిసింది, పొద్దున ఎండ మెడ మీద పడితే బావుంది. ఒక్కో మనిషికి ఒక్కో తలుపు మూస్తారు, అన్నీ ఒకేసారి మూయరు, అదీ దయే. అలా తనకు తాను చెప్పుకుంటున్నాడు గానీ చేతులు మోకాళ్లను వదలడం లేదు. రాత కుదిరాక చివరి అధ్యాయం ఎవరికి చదువుతుంది? గోడకా?

చెంపల మీద మళ్లీ గాలి. తలుపు తెరుచుకుంది. వెనక తెల్లకోటు అమ్మాయి, ముందు డాక్టరమ్మ, లావుపాటి మనిషి, కొంగు నడుముకు దోపుకుని, వంట మధ్యలో లేచొచ్చినట్టు. ఆమె కూడా దీపం పెట్టి కుడి చెవిలోకి చూసింది. చూసి, భుజాలు కదిలేలా నవ్వింది. డాక్టర్లు నవ్వడం ఆయనకు కొత్త. మంచికో చెడుకో తేల్చుకునేలోపే చెయ్యి పట్టుకుని పక్క గదికి తీసుకెళ్లింది, తల ఒక పక్కకు వంచమని సైగ చేసింది, చెవిలో చల్లగా ఏవో చుక్కలు వేసింది, బల్ల మీద తల ఆనించి కాసేపు పడుకోబెట్టింది. లోపల ఏదో కరుగుతున్నట్టు, చీమ ఒకటి కాళ్లు చాపుకుంటున్నట్టు. తర్వాత మెడ కింద పళ్లెం, గోరువెచ్చని నీళ్లు నింపిన పిచికారీ. నీళ్లు లోపలికి కొట్టాయి. మళ్లీ కొట్టాయి. మూడోసారికో నాలుగోసారికో తల లోపల గడియ తీసినట్టయింది, అంతే, లోకం కట్టలు తెంచుకుని లోపలికి దూకింది. పళ్లెంలో నీళ్లు తొణికే చప్పుడు, ఎంత పెద్ద చప్పుడు, బావిలో పడ్డ బిందె. డాక్టరమ్మ గాజులు. గోడ మీది ఫ్యాను, అది తిరిగిన ప్రతిసారీ ఒక చోట చిన్నగా దగ్గుతోంది. బయట ఎవరో చీపురు గీస్తున్నారు. తన ఊపిరి. తన ఊపిరికి ఇంత ఈల ఉందని తెలియదు.

"చెవుల్లో గోడలు కట్టుకున్నారు మాస్టారూ. ఎన్నాళ్ల గులిమి ఇది?" అంది డాక్టరమ్మ, ఆ మాటలోని ప్రతి అక్షరానికీ అంచు ఉంది. ఏం ఉద్యోగం చేసేవారని అడిగింది. చెప్పాడు. ఇప్పటికీ పాత నాటకాలు వింటుంటానని, చెవుల్లో దూర్చుకునే బుడిపెలతో వింటానని, ఎలాంటి మకిలీ ఉండకూడదని స్నానం కాగానే దూది పుల్లతో శుభ్రం కూడా చేసుకుంటానని కాస్త గర్వంగానే చెప్పాడు. అదీ సంగతి అందామె, వచ్చిందాన్ని వచ్చినట్టు ఇంతకాలం లోపలికి కూరుతూ వచ్చారు, చెవుల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లకే వస్తుంది ఈ జబ్బు. ఎడమ చెవి కూడా కడిగింది. మళ్లీ స్పాంజి గదిలో కూర్చోబెట్టి తెల్లకోటు అమ్మాయి కూతలు వినిపించింది, సన్నవి, లావువి, వినపడినప్పుడల్లా మీట నొక్కాడు, బడిలో జవాబు తెలిసిన పిల్లాడిలా. మరీ సన్నని కూతలు కొన్ని అందడం లేదు, అది వయసు అరుగుదల, ఆ మాత్రం ఉంటుంది, భయపడేదేమీ లేదు, దూది పుల్లలు మాత్రం ఇవాళే పారేయండి అన్నారు. అంతే. ఇంకేం లేదు. ఆయన రెండు చేతులూ జోడించాడు. గులిమికి చేతులు జోడించిన మొదటి మనిషి మీరేనంది డాక్టరమ్మ.

నడవాలోకి వస్తే కూతురు ఒక్కసారిగా లేచి నిలబడింది, సంచీ కింద పడింది, దాని లోపల కాగితాలు జారిన చప్పుడు. నోరు వెడల్పుగా తెరిచి, చేతులు కూడా ఆడిస్తూ, ఏమన్నారని అరిచింది. అరవకు తల్లీ, నలుగురూ చూస్తున్నారు అన్నాడు మెల్లగా. ఆమె అలాగే ఉండిపోయింది. గులిమి అని చెప్పాడు. అంతేనా అంది. అంతే అన్నాడు. కూర్చుంది, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది, భుజాలు ఎగిరిపడ్డాయి, ఏడుస్తోందని పక్కన కూర్చుని వీపు నిమిరితే నవ్వుతోంది, కాదు రెండూ చేస్తోంది. రాత్రంతా ఇంటర్నెట్‌లో ఏవేవో చదివానని, వినికిడి పోయినవాళ్ల సైగలు కూడా కొన్ని నేర్చేసుకున్నానని, అన్నం, నీళ్లు, నిద్ర వచ్చేశాయని చెప్పి ముక్కు తుడుచుకుంది. తర్వాత, ఏదో లెక్క తప్పినట్టు మెల్లగా తల తిప్పింది.

"ఎప్పట్నుంచి నాన్నా?"

"వంతెన అధ్యాయం నుంచి."

వంతెన దగ్గర వాన చప్పుడు రాసిందట. పైన ఎక్కడో నేల మీద పడుతున్న వాన, కింద ఊళ్లోవాళ్లకు పైకప్పులోంచి వినపడే వాన. ఎంతో ఇష్టపడి రాసుకుందట. చదివితే నాన్న ముఖంలో వెంట్రుక కూడా కదల్లేదు. బాలేదు కాబోలు, మొహమాటానికి బావుందంటున్నారు అనుకుని కొట్టేసింది. ఆ తర్వాత లిఫ్టు గంట చదివింది, కదల్లేదు, కొట్టేసింది. ఏడుస్తున్న పసివాడు, తాళంచెవులు, గోడ అవతల దగ్గు, ఒక్కొక్కటే చదివి, ఆయన ముఖం చూసి, ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. "ఇప్పుడా ఊళ్లో ఒక్క చప్పుడు కూడా లేదు నాన్నా. మీకు నచ్చలేదనుకుని మొత్తం ఊడ్చేశాను." పిల్ల ఏడాది కష్టం, తన ముఖం చూసి. ఎంత పని చేశావురా అని తనను తాను తిట్టుకోబోయేలోపే ఆమె చెప్పింది, మొన్న ప్రచురణకర్త రాసినంతవరకూ చదివి ఫోను చేశాడట, ఇందులో ఏమీ జరగకముందే ఊపిరాడడం లేదు, ఎవరూ ఎవర్నీ కొట్టరు, అయినా పేజీ తిప్పాలంటే భయమేసింది, ఆ ఊరిని అలా ఎలా చేశారమ్మా అని అడిగాడట. థాంక్సండీ అని పెట్టేసిందట. ఈసారి ఆమె నవ్వు మాత్రమే నవ్వింది.

ఆయన నవ్వలేకపోయాడు. ఇన్ని సాయంత్రాలు ఆ ఊళ్లో ఒక్కడినే ఉన్నాననుకున్నాడు. ఫ్రిజ్ పోయిన రోజున, కుళాయి పోయిన రోజున, ఒక్కో చప్పుడూ లేచి వెళ్లిపోతున్నప్పుడు, బల్లకు అవతల కూర్చుని పిల్ల కూడా తన ఊళ్లోంచి ఒక్కో చప్పుడూ తీసేస్తూ, ఆయన వెనకే, ఆయన వెళ్లిన గది తర్వాత గదిలోకి, దీపం కూడా లేకుండా నడిచొచ్చింది. తెలియకుండానే. అడగకుండానే. ఎక్కడున్నాడో తెలియని మనిషి చుట్టూ సరిగ్గా సరిపోయేలా గోడలు కట్టుకుంటూ. దానికి పేరేదో ఉండాలి, ఆయనకు తట్టలేదు. ఆమె చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

వాన మళ్లీ పెట్టేయనా అంది. వద్దన్నాడు. అన్నీ అలాగే ఉండనీ, ఊరు అలాగే ఉండాలి. చివరి అధ్యాయంలో ఒక్క చప్పుడు చాలు, ఒక్కటే, చదివేవాడు అంతవరకూ ఎంతసేపు చెవుడులో ఉన్నాడో వాడికి అప్పుడే తెలియాలి. ఏ చప్పుడు అంది. ఏమో అన్నాడు. నడవా చివర మంచినీళ్ల యంత్రం దగ్గర ఒక పెద్దావిడ సీసా పట్టుకుని నిలబడి ఉంది, మెడ వెనక్కి తిప్పి ఎవరితోనో మనవరాలి పరీక్షల గురించి మాట్లాడుతోంది. నీళ్లు పడుతున్నాయి. అడుగున లావుగా, బొంగురుగా మొదలైన చప్పుడు నీళ్లు పైకొచ్చేకొద్దీ సన్నబడుతోంది, ఇంకా సన్నబడుతోంది, పసిపిల్ల గొంతంత సన్నగా అయ్యే క్షణాన, మాట ఆపకుండా, సీసా వంక చూడనైనా చూడకుండా, ఆవిడ చెయ్యి వెళ్లి కుళాయి కట్టేసింది. ఒక్క చుక్క ఒలకలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ అటే చూస్తున్నారు. కూతురు కింద పడ్డ సంచీ తీసి, పెన్సిలు కోసం వెతుక్కుంటూ, ఇది రాసి సాయంత్రం చదవనా అని అడిగింది.

"చదువు. ఈసారి నా ముఖం చూసి ఏదీ కొట్టేయకు. నన్నడుగు."